పాత జిప్సీ చాసిస్‌కి తుప్పు, వెల్డింగ్ చేయిస్తే నిలబడుతుందా?

అన్నా, పాత జిప్సీలు వాడుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మాది కైకలూరు దగ్గర, చేపల చెరువులు. నాన్న కొన్నది 2006 మోడల్ మారుతి జిప్సీ జీపు, 1.3 లీటర్ పెట్రోల్ ఇంజన్. 15 ఏళ్ళకి రీరిజిస్ట్రేషన్ చేయించాం, ఆ ఐదేళ్ళు కూడా అయిపోవస్తున్నాయి. మొన్న కింద పడుకుని చూస్తే వెనక కమాన్‌కట్ట బిగించే చోట చాసిస్‌కి, అంటే బండి అడుగు ఫ్రేమ్‌కి తుప్పు, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెచ్చులు ఊడొస్తోంది. ఏళ్ళ తరబడి చెరువు గట్ల మీద బురదలో తిప్పి సరిగా కడక్కపోవడం మా తప్పే.

మెకానిక్ అమ్మేయమంటున్నాడు, నాన్న మాత్రం ససేమిరా అంటున్నారు. ఆయన మాటా నిజమేలెండి, వానాకాలంలో నల్లమట్టి గట్టు మీద ట్రాక్టర్ తప్ప ఏదీ కదలని రోజున కూడా ఇది నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ డ్రైవ్ ‘లో’ (low) గేర్‌లో వేస్తే మేత బస్తాలతో మెల్లగా పాక్కుంటూ వచ్చేస్తుంది, బరువు టన్ను లోపే కదా, దిగబడదు. ఏదైనా పోయినా పానాలతో మనమే విప్పి బిగించుకోవచ్చు, సెన్సర్ల గోల తక్కువ. కంపెనీ తయారీ ఆపేసింది, మళ్ళీ ఇలాంటిది కొనాలన్నా దొరకదు.

నా డౌట్ ఒక్కటే, తుప్పు పట్టిన ముక్క కోసి మందం ప్లేట్ వెల్డింగ్ చేయిస్తే లోడుకి ఆగుతుందా, లేక వేరే చాసిస్ వెతుక్కోవాలా? వేరేది వేస్తే ఆర్‌సీలో నంబర్ మార్పించడం ఎలా? చేయించినవాళ్ళు ఎంతయ్యిందో, ఏ ఊళ్ళో బాగా చేస్తారో చెప్పండి, వానలు మొదలవ్వకముందే తేల్చుకోవాలి.