మల్కాపురం గాలిలో బెంజీన్‌ను కొలవడం ఎలా?

విశాఖపట్నం మల్కాపురం ప్రాంతంలో, చమురు శుద్ధి కర్మాగారానికి సమీపంలో మా ఇళ్లున్నాయి. ఒకవైపు యారాడ కొండ అడ్డుగా ఉన్న ఈ పల్లపు ప్రాంతంలో, పగటి సముద్రపు గాలి తగ్గిన తర్వాత, ఘాటైన గ్యాసు వాసన ఇళ్లలోకి చేరి తెల్లవారేవరకూ నిలిచిపోతోంది. పసిపిల్లలు దగ్గుతూ నిద్ర లేస్తున్నారు. మేడ మీద ఒక చవక సెన్సార్ పెట్టాం గానీ, అది ధూళి కణాలను మాత్రమే లెక్కిస్తుంది, పైగా తీరప్రాంతపు తేమకు దాని అంకెలు పెరిగిపోతాయి. మాకు ముఖ్యంగా తెలియవలసింది బెంజీన్ (పెట్రోలు వంటి ఇంధనాల నుంచి ఆవిరయ్యే, క్యాన్సర్ కారకమైన రసాయనం) సంగతి. 2009 నాటి జాతీయ ప్రమాణాల ప్రకారం దాని వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించరాదు. అమెరికాలో 2015 నాటి నిబంధన ప్రకారం శుద్ధి కర్మాగారాల సరిహద్దు వెంట చిన్న గొట్టాలను రెండేసి వారాలు ఉంచి, అవి గ్రహించిన బెంజీన్‌ను ప్రయోగశాలలో కొలుస్తారు. అలాంటి గొట్టాలు మనకు ఎక్కడ దొరుకుతాయి, ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలల సామర్థ్యాన్ని పరిశీలించి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ఏ ప్రయోగశాల వాటిని పరీక్షిస్తుంది? లారీల పొగలోని బెంజీన్ లెక్కను తారుమారు చేయకుండా వాటిని ఎంత ఎత్తున, రోడ్డుకు ఎంత దూరాన కట్టాలి? గాలి దిశను గంటగంటకూ నమోదు చేయడం కూడా అవసరమా? ఈ పనిలో అనుభవమున్నవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.