వెనక మోనోషాక్ మొత్తం మార్చాలా, స్ప్రింగ్ ఒక్కటి మారిస్తే చాలా?

ప్రశ్న:
వెనక ఒకటే షాక్ (మోనోషాక్), దాన్ని చక్రానికి కలిపే మీటల అమరిక (లింకేజీ) ఉన్న బండి. వెనక చక్రం ట్రావెల్ (పైకీ కిందికీ కదిలే దూరం) 130 మి.మీ., షాక్ స్ట్రోక్ (షాక్ నొక్కుకునే దూరం) 50. గేర్‌తో కలిపి నా బరువు 92 కిలోలు. ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే బిగింపు) చివరి మెట్టులో ఉన్నా స్పీడ్ బ్రేకర్ దిగాక వెనక రెండు మూడు సార్లు ఊగుతోంది. చూసిపెట్టుకున్న షాక్ కంటి నుంచి కంటికి (రెండు చివరల బోల్ట్ రంధ్రాల మధ్య) పాతదానికన్నా 5 మి.మీ. పొడవుంది. వేయొచ్చా? స్ప్రింగ్ ఒక్కటే మారిస్తే సరిపోదా?

జవాబు:
కొనేముందు టేపు తీసి శాగ్ (బరువుకు వెనక భాగం ఎంత దిగుతుందో) కొలవండి. వెనక చక్రం గాలిలో ఉండగా యాక్సిల్ నుంచి నేరుగా పైన తోక ప్యానెల్ మీద పెట్టుకున్న గుర్తుకు ఎంతుందో రాసుకోండి. తర్వాత ఖాళీ బండి నేల మీద నిలబడినప్పుడు, ఆపైన మీరు గేరంతా వేసుకుని కాళ్లు ఫుట్‌పెగ్‌ల మీద పెట్టి కూర్చున్నప్పుడు. నేల మీద కొలిచే రెండుసార్లూ సీటు నొక్కి వదిలాకే టేపు పెట్టండి. రాపిడికి షాక్ ఎక్కడో ఆగిపోయి తప్పు లెక్క చూపిస్తుంది.

అడిగినవారు:
560, 557, 512 వచ్చాయండి.

జవాబు:
అంటే మీరు ఎక్కితే 48 దిగుతోంది, 130లో 37 శాతం. రోడ్డు బండికి 30 శాతం దగ్గర, అంటే 39 ఉంటే బాగుంటుంది. అసలు సంగతి రెండో కొలతలో ఉంది. ఖాళీ బండి 3 మి.మీ.యే దిగుతోందంటే ప్రీలోడ్‌తో ఇక చేసేదేం లేదు. ఇంకా బిగిస్తే షాక్ పూర్తిగా సాగిపోయి ఉంటుంది, గుంత వచ్చినప్పుడు చక్రం కిందికి దిగడానికి జాగా ఉండదు. ప్రీలోడ్ బండిని పైకి లేపుతుందే తప్ప స్ప్రింగ్‌ను గట్టిచేయదు. మీ బరువుకు ఆ స్ప్రింగ్ మెత్తన.

అలాగని స్ప్రింగ్ ఒక్కటే మార్చకండి. అన్నిసార్లు ఊగుతోందంటే రీబౌండ్ డ్యాంపింగ్ (నొక్కుకున్న షాక్ ఒక్కసారిగా సాగకుండా ఆపే నిరోధం) అయిపోయినట్టే. గట్టి స్ప్రింగ్ వేస్తే ఇంకా జోరుగా తంతుంది. షాక్ రాడ్ దగ్గర నూనె జిడ్డు ఉందేమో వేలితో తుడిచి చూడండి. విప్పి సీళ్లు మార్చే వీల్లేని రకమైతే షాక్ మొత్తం మార్చడమే.

ఆ 5 మి.మీ. మాత్రం చిన్నది కాదు. 130ని 50తో భాగిస్తే 2.6, కాబట్టి వెనక భాగం 13 మి.మీ. దాకా లేస్తుంది. సరైన స్ప్రింగ్ వల్ల ఎలాగూ 9 లేస్తుంది, రెండూ కలిపి 22. ఫోర్కు నిటారై ట్రెయిల్ (స్టీరింగ్ ఇరుసు గీత నేలను తాకే చోటుకూ ముందు టైరు తాకే చోటుకూ మధ్య దూరం) తగ్గుతుంది, వేగంలో హ్యాండిల్ నిలకడ పోతుంది. సైడ్ స్టాండ్ మీద బండి మామూలుకన్నా ఎక్కువగా స్టాండ్ వైపుకు వాలుతుంది. పాత పొడవుదే వెతకండి.

మరో జవాబు:
బిగించేటప్పుడు ఎక్కువమంది పొరబడేది ఒకటుంది. స్వింగ్ ఆర్మ్‌ను (వెనక చక్రాన్ని మోసే చేయిని) పట్టుకునే ప్యాడాక్ స్టాండ్ మీద షాక్ విప్పకూడదు. బండి బరువు ఇంకా షాక్ మీదే ఉంటుంది, బోల్ట్ లాగగానే వెనక భాగం కూలబడుతుంది. ఫ్రేమ్‌కు తగిలించిన సెంటర్ స్టాండ్ కావాలి, లేదా ఫ్రేమ్ కింద జాకీ. వెనక టైరు కింద చెక్క ముక్క పెట్టి కొద్దికొద్దిగా ఎత్తుతూ దించుతూ ఉంటే ఒకచోట బోల్ట్ వేళ్లతోనే జారి వస్తుంది. రాకపోతే ఎత్తు సరిగా లేదన్నమాట, సుత్తి తీయకండి.

షాక్ బయట ఉండగానే లింకేజీ విప్పి నీడిల్ బేరింగులు చూడండి. గ్రీజు ఎండి తుప్పు ఎర్రగా కనిపిస్తే అవి మార్చకుండా కొత్త షాక్ వేసినా ఫలితం ఉండదు. కొత్తదాని కంటి వెడల్పు, బోల్ట్ లావు వెర్నియర్‌తో సరిచూసుకోండి. బోల్టులు సర్వీస్ మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించండి.

రీబౌండ్ స్క్రూను మెల్లగా పూర్తిగా మూసి, అక్కడి నుంచి తయారీదారు చెప్పినన్ని క్లిక్కులు వెనక్కి తిప్పండి. బలవంతంగా మూస్తే లోపలి సూది పాడవుతుంది. సీటు గట్టిగా నొక్కి వదిలితే ఒక్కసారి పైకొచ్చి ఆగాలి. వెనక ఎత్తు మారింది కాబట్టి చైన్ స్లాక్ (వదులు) మళ్లీ చూడాలి. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికన్నా బిగుతుగా ఉంటుంది, అక్కడ కూడా కొంచెం వదులు మిగలాలి.