లేసు కార్డును మిషన్ కోస్తే అది చేతిపని కాదా?

సన్నగీత:
మా కార్డుల బృందం ఏటా పెట్టే ప్రదర్శనలో 'చేతితో చేసిన కార్డులు' అనే విభాగం ఉంది. ఈసారి నేను ఒక లేసు కార్డు ఇచ్చాను. ముందు అట్ట నిండా పూలతీగ, తీగ సందుల్లో సన్నని చిల్లులు, అంచు పొడవునా అర్ధచంద్రాల వరుస. చిల్లుల్లోంచి కనిపించాలని లోపల ముదురు నీలం కాగితం అంటించాను. ఆ తీగను గీయడానికి నాకు పదకొండు సాయంత్రాలు పట్టింది. కంప్యూటర్‌కు కలిపిన కటింగ్ మిషన్ దాన్ని ఇరవై నిమిషాల్లో కోసింది. నిర్వాహకులు కార్డును వెనక్కి తిప్పి చూసి, 'ఇది మిషన్ పని కదా' అని పక్కన పెట్టేశారు.

ఆ మాట నన్ను బాధపెట్టింది. పూలరేకుల వంపు నాది, ఎక్కడ చిల్లు ఉండాలో ఎక్కడ కాగితం మిగలాలో తేల్చింది నేను. పొరలు అంటించిందీ నేనే. కోత ఒక్కటి మిషన్ చేసినంత మాత్రాన మిగిలినదంతా చేతిపని కాకుండా పోతుందా? మీ అభిప్రాయాలు చెప్పండి, మొహమాటం అక్కరలేదు.

పాతకత్తి:
మొహమాటం లేకుండానే చెబుతాను. నేను ఇరవై రెండేళ్లుగా సన్నబ్లేడు కత్తితో కాగితం కోస్తున్నాను. నా దృష్టిలో మీ కార్డు అందమైనదే, కానీ చేతిపని కాదు.

కారణం చెబుతాను. లేసు కార్డు కోసేటప్పుడు రెండు వందల చిల్లులు సవ్యంగా వచ్చి, రెండు వందల ఒకటో చిల్లు దగ్గర కత్తి అర మిల్లీమీటరు జారిందంటే వారం రోజుల పని పోతుంది. ఆ భయం చేతిలో ఉంటుంది. ఊపిరి బిగబట్టి, కాగితాన్ని కత్తి చుట్టూ తిప్పుతూ ఒక్కో వంపు దాటుతాం. చూడగానే పోల్చుకోలేకపోయినా ఆ భయం కార్డులో మిగిలి ఉంటుంది. మీ మిషన్ కోత చెడిపోతే మీరు ఇంకో కాగితం పెట్టి మళ్లీ మీట నొక్కుతారు. రెండూ ఒకే బల్ల మీద ఒకే పేరుతో పెడితే చూసేవారికి తేడా ఎలా తెలుస్తుంది?

తీగమల్లె:
పాతకత్తి గారూ, మీ పని మీద గౌరవంతోనే ఒక మాట. కీళ్లవాతంతో నా వేళ్లు వంకర తిరిగాయి. అంతకుముందు పన్నెండేళ్లు నేను కూడా కత్తితోనే కోశాను. ఆరేళ్లుగా కత్తిని అయిదు నిమిషాలకు మించి పట్టుకోలేకపోతున్నాను. ఇప్పుడు తెర మీద మెల్లగా గీస్తాను, నొప్పి వస్తే ఆపుతాను, మర్నాడు అక్కడి నుంచే మొదలుపెడతాను. కోత మిషన్‌ది. నా చేతిలో ఉన్నదంతా పెట్టి చేసిన కార్డును చేతిపని కాదంటే, ఇక నేను చేయగలిగింది ఏమీ లేదన్నట్టు వినిపిస్తుంది. మీరు ఆ ఉద్దేశంతో అనలేదని తెలుసు.

కాగితంపురుగు:
చేతిపనికీ మిషన్ పనికీ మధ్య గీత చరిత్రలో ఎప్పుడూ స్పష్టంగా లేదు. లేసు కాగితం పుట్టుకే చూడండి. 1834లో లండన్‌లో డాబ్స్ సంస్థలో పనిచేసిన జోసెఫ్ అడెన్‌బ్రూక్ అనే అతను, అచ్చు ఒత్తిన కాగితం మీద ఉబ్బెత్తుగా లేచిన చోట్లను ఆకురాయితో రుద్దితే అవి అరిగి చిల్లులు పడతాయని, కాగితం అచ్చం లేసులా మారుతుందని కనిపెట్టాడని చెబుతారు. అంటే లేసు కాగితం మొదటి నుంచీ అచ్చుకూ చేతికీ మధ్య పుట్టిన వస్తువు.

1840ల చివర్లో అమెరికాలోని వూస్టర్‌లో ఎస్తర్ హౌలాండ్ అనే ఆమె ఇంగ్లండు నుంచి తెప్పించిన లేసు కాగితాలను, రంగు కాగితాలను, బొమ్మలను పొరలు పొరలుగా అంటించి ప్రేమలేఖల కార్డులు తయారుచేసి అమ్మింది. గిరాకీ పెరిగాక స్నేహితురాళ్లను బల్ల చుట్టూ కూర్చోబెట్టి, ఒకరు కోయడం, ఒకరు అంటించడం అని పనులు పంచింది. కొలిచి చూస్తే ఒక్కో కార్డులో ఏ ఒక్కరి చేయీ పూర్తిగా లేదు. అయినా వాటిని ఈ రోజు చేతిపని కార్డులుగానే దాచుకుంటున్నారు.

ఇక చేతిపని అంటే ఒక్కసారి కోస్తే ఒక్కటే రావాలని కొందరు అంటారు. 2009లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలోకి ఎక్కిన చైనా కాగితపు కోతలో, పలుచని కాగితాలు అనేకం ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే కత్తితో కోసే పద్ధతి ఉంది. ఒక కోతకు దొంతర నిండా ప్రతులు. అది చేతిపని కాదని ఎవరూ అనలేదు.

పాతకత్తి:
తీగమల్లె గారూ, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీ కార్డును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. క్షమించండి.

కాగితంపురుగు గారి దొంతర ఉదాహరణ ఒప్పుకుంటాను, కానీ ఆ దొంతర మీద కత్తి నొక్కి లాగిన చేయి ఉంది. అడుగు కాగితం వరకూ కోత దిగిందో లేదో ఆ చేతికే తెలుస్తుంది.

నా అసలు కోపం వేరే చోట ఉంది, అదీ చెప్పేస్తాను. పోయిన ప్రదర్శనలో ముగ్గురి కార్డుల మీద ఒకే గులాబీ చక్రం చూశాను. అదే వంపు, అవే చిల్లులు. ముగ్గురూ ఒకే చోట తయారు ఫైలు కొని కోయించారు. ముగ్గురి పేర్ల కిందా 'చేతితో చేసినది' అని ఉంది. అందులో వారి చేయి ఎక్కడుంది?

మొదటిమెట్టు:
నేను మిషన్ కొని రెండు నెలలైంది, ఆ తయారు ఫైళ్లే వాడుతున్నాను. పైన చదివాక కొంచెం సిగ్గుగా అనిపించింది. అయినా సొంతంగా గీయడానికి ధైర్యం చాలడం లేదు. ఎందుకంటే కొన్న లేసు డిజైన్ కూడా నాకు సరిగా రావడం లేదు. మూలల దగ్గర చిరుగుతోంది, సన్నని తీగలు మ్యాట్‌కే, అంటే కోసేటప్పుడు కాగితాన్ని పట్టి ఉంచే జిగురు పలకకే, అతుక్కుపోతున్నాయి. ఒకసారి నేను గీసిన వలయాల గొలుసు కోయిస్తే మొత్తం ముక్కలుగా రాలిపోయింది. తప్పు ఎక్కడ?

సన్నగీత:
సిగ్గు పడవద్దు, అందరం అక్కడి నుంచే వచ్చాం. మీ ప్రశ్నకు జవాబు చెబితే నా వాదన కూడా అందులోనే వస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముక్కలుగా రాలిపోవడం అందరికీ ఎదురయ్యే మొదటి దెబ్బ. తెర మీద ఒకదాని మీద ఒకటి ఎక్కిన వలయాలు మన కంటికి గొలుసులా కనిపిస్తాయి. మిషన్‌కు మాత్రం అవి విడివిడి గీతలు. ప్రతి వలయాన్నీ పూర్తిగా చుట్టి కోసేస్తుంది. కలిసిన చోట వాటిని వెల్డ్ చేసి ఒకే ఆకారంగా మార్చాలి. అప్పుడే బయటి గీత ఒకటిగా, లోపలి చిల్లులు వేరుగా నిలుస్తాయి. అక్షరం లోపలి సున్నా, పువ్వు మధ్యలోని బొట్టు వంటివి గాలిలో వేలాడలేవు. వాటిని ఏదో ఒక తీగతో ఒడ్డుకు కట్టాలి. ఆ వంతెన అతుకులా కాక కాడలాగానో ఆకులాగానో కనిపించాలి. నా పదకొండు సాయంత్రాల్లో నాలుగు వంతెనలకే పోయాయి.

చిరగడానికి కారణం ఎక్కువగా సైజు. ముప్పై సెంటీమీటర్ల కాగితానికి గీసిన లేసును పన్నెండుకు కుదిస్తే, ఒక మిల్లీమీటరు తీగ 0.4 మిల్లీమీటర్లవుతుంది. దాన్ని ఏ కాగితమూ నిలబెట్టలేదు. పూర్తయిన కార్డు కొలతలోనే మొదటి నుంచీ గీయండి. నేను ఒక మిల్లీమీటరు కంటే సన్నగా ఏ తీగనూ ఉంచను, కొత్తలో ఒకటిన్నర ఉంచడం మంచిది.

మూలల సంగతి బ్లేడుది. కార్డులు కోసే మిషన్లలో ఎక్కువ వాటిలో బ్లేడు తనంతట తాను తిరుగుతూ గీత వెంట ఈడ్చుకుంటూ వెళుతుంది. బ్లేడు మొన దాని ఇరుసుకు సరిగ్గా కింద ఉండదు, కొద్దిగా వెనక ఉంటుంది. అందుకే పదునైన మూలలో తిరగడానికి ఇబ్బంది పడుతుంది, కాగితాన్ని పీకుతుంది. బాగా చిన్న చిల్లు గుండ్రంగా రాకపోవడానికీ అదే కారణం. మూలను కొంచెం గుండ్రం చేయండి. గీత ఆకారాన్ని నిలిపే బిందువులను నోడ్లు అంటారు, వాటిలో అవసరం లేనివి తీసేయండి. నోడ్లు ఎక్కువైతే బ్లేడు ఆగి ఆగి కదులుతుంది, అంచు నూగు పడుతుంది.

కోత వరుస కూడా చూసుకోండి. లోపలి చిల్లులన్నీ ముందు, బయటి అంచు చివర. అంచు ముందే కోస్తే కాగితం కదిలిపోతుంది. మడత దగ్గర లేసు నడిపించవద్దు. అక్కడ కాగితం కొంత మేర కోతలు లేకుండా ఉండాలి, లేకపోతే కార్డు నిలబడదు. కాగితం సంగతికి వస్తే, 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు) దగ్గర నున్నగా, గట్టిగా ఉన్నది ఎంచుకోండి. చేతితో పోసిన కాగితం చూడటానికి ఎంతో బాగుంటుంది, కానీ పొడవైన పోగులు ఉంటే బ్లేడుతో పాటు సాగి వస్తాయి. దాన్ని వెనక పొరకు దాచుకోండి.

ఇక మ్యాట్. కాగితాన్ని మ్యాట్ నుంచి లాగవద్దు. మొత్తం తలకిందులుగా బల్ల మీద పెట్టి, కాగితాన్ని బల్లకు అదిమిపట్టి, మ్యాట్‌నే మెల్లగా వెనక్కి వంచుతూ ఒలవండి. తీగలు మిగులుతాయి.

పాతకత్తి గారూ, ఇందులో మీట నొక్కడం ఎంత, మిగిలింది ఎంత?

పాతకత్తి:
మీరు రాసినది రెండుసార్లు చదివాను. నిజం చెప్పాలంటే ఆశ్చర్యపోయాను. లోపలి చిల్లులు ముందు కోసి అంచు చివరికి ఉంచడం, వేలాడే ముక్కను కాడతో కట్టడం, మడత దగ్గర చేయి ఆపడం ఇవన్నీ నేను నా శిష్యులకు మొదటి వారంలో చెప్పేవే. ఇది మీట నొక్కే పని అనుకున్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒకటి మాత్రం వదలను. కాగితం ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పోగు అడ్డం వస్తే నా వేలికి తెలుస్తుంది, అక్కడ నెమ్మదిస్తాను, అవసరమైతే వంపునే మార్చేస్తాను. మీ బ్లేడు ముందే ఇచ్చిన ఒత్తిడితో, ముందే ఇచ్చిన దారిలో పోతుంది. మీ నిర్ణయాలన్నీ కాగితాన్ని ముట్టుకోకముందే అయిపోయాయి. నావి కాగితం మీదే జరుగుతాయి. రెండింటికీ ఒకే పేరు ఎలా పెడతాం?

నీలిఅంచు:
నేను కార్డులు అమ్ముతాను, కొన్ని కత్తితో కోసినవి, కొన్ని మిషన్‌తో. ఈ వాదనలో నేను సన్నగీత గారి వైపు పూర్తిగా లేను. ఎంత కష్టపడి గీసినా కోసింది చేయి కాదు. కొనేవారు 'చేతితో చేసినది' అని చదివినప్పుడు మనసులో కత్తి పట్టిన చేతినే ఊహించుకుంటారు. ఆ ఊహ తప్పని మనకు తెలిసి కూడా నోరు మెదపకపోతే అది మోసమే.

అందుకే నేను ప్రతి కార్డు వెనకా రెండు ముక్కలు రాస్తాను: 'గీసినది నేను, కోసింది మిషన్' అని, లేదా 'గీసినదీ కోసినదీ నేనే' అని. తయారు ఫైలు వాడితే 'డిజైన్ వేరొకరిది' అని. అలా రాయడం వల్ల నా కార్డులు కొనడం ఎవరూ మానలేదు. కొందరు గీసిన పద్ధతి గురించి అడుగుతారు కూడా.

తీగమల్లె:
నీలిఅంచు గారి పద్ధతి నాకు నచ్చింది. ఆ విభాగం పేరు మారకపోయినా పరవాలేదు, వెనక ఆ వాక్యం రాసుకునే హక్కు ఉంటే చాలు. నా పేరు పక్కన 'గీసినది' అని చూసుకోవడమే నాకు పెద్ద సంతోషం.

సన్నగీత:
వెనక రాయడానికి నాకు అభ్యంతరం లేదు, రాయాలి కూడా. కార్డును బల్ల మీదకే రానివ్వకపోవడం మాత్రం ఇప్పటికీ అన్యాయమనే అంటాను. వేరే వరుసలో పెట్టండి, పక్కన చీటీ పెట్టండి, కానీ పెట్టండి.

పాతకత్తి గారూ, మీకు ఇష్టమైతే ఒక ప్రయత్నం చేద్దాం. మీరు కత్తితో కోసిన పాత కార్డు ఏదైనా స్కాన్ చేసి పంపండి. దాన్ని మిషన్‌కు ఎక్కిస్తే మీ చేయి ఎంత మిగులుతుందో, ఎంత పోతుందో ఇద్దరం కళ్లతో చూడవచ్చు.

పాతకత్తి:
పంపాను. ఎనిమిది రేకుల తామర, పదేళ్ల కిందటిది.

సన్నగీత:
వచ్చింది. ఎంత బాగుందో! ట్రేస్ చేస్తే, అంటే బొమ్మను మిషన్ కోయగల గీతలుగా మారిస్తే, నాలుగు వేలకు పైగా నోడ్లు వచ్చాయి. స్కాన్‌లోని దుమ్మునూ కాగితపు నూగునూ కూడా గీతలుగా పట్టుకుంది. అలాగే కోస్తే అంచు అంతా చిరుగుతుంది. ప్రోగ్రామ్‌లో నునుపు చేసే మీట నొక్కితే ఆరు వందలకు తగ్గాయి, కోత కూడా శుభ్రంగా వచ్చింది. కానీ ఎనిమిది రేకులూ ఒకేలా తయారయ్యాయి. అది మీ తామర కాదు.

కాబట్టి మొదటి ట్రేస్‌కు వెనక్కి వెళ్లాను. నోడ్లు ఒక్కొక్కటీ చేత్తోనే తీస్తున్నాను. ఏది దుమ్మో నాకు తెలుస్తోంది. రేకుల అంచున ఉన్న చిన్న చిన్న వంకరల్లో ఏది మీరు కావాలని చేసిందో, ఏది కాదో మాత్రం తెలియడం లేదు. మీరే చెప్పాలి.

పాతకత్తి:
మూడో రేకు ఎడమ అంచున చిన్న గంటు ఉంది కదా, దాన్ని నునుపు చేయవద్దు. అక్కడ పోగు అడ్డం వచ్చింది, కత్తిని పక్కకు తిప్పి దాటించాను. ఆరో రేకు మిగతా వాటి కంటే వెడల్పు, అది కూడా అలాగే ఉంచండి. అయిదో రేకు కొన దగ్గర వంకర మాత్రం నా చేయి జారడం వల్ల వచ్చింది. పదేళ్లుగా కంట్లో పడినప్పుడల్లా గుచ్చుకుంటోంది. మీకు వీలైతే దాన్ని సరిచేయండి.