4 టన్నుల బాయిల్డ్ మిల్లుకు ప్రొడక్షన్ మేనేజర్: ఎవరిని పెట్టాలె, పనేంది?

కాలువకట్ట
మిర్యాలగూడ పక్కన గంటకు 4 టన్నుల వడ్లు ఉడకబెట్టి ఆడే బాయిల్డ్ మిల్లు. ఇన్నేళ్లు ఓనరు, గుమస్తా కలిసి నడిపిన్రు. ఇప్పుడు ప్రొడక్షన్‌కు విడిగా మేనేజర్‌ను పెడ్తమంటున్నరు. ఇద్దరు వచ్చిన్రు. ఒకాయన మెకానికల్ డిప్లొమా, పాలిషర్లు, సార్టెక్స్ (రంగు మారిన గింజలు ఏరే మిషన్) మంచిగ తెలుసు. ఇంకొకాయన పదో తరగతే, ఉడికిన వడ్లు ఆరబెట్టే డ్రయ్యర్ల మీద పని చేసినాయన. నూక 20 శాతం దాకా పోతున్నది. ఎవరు నయం? మేనేజర్ కింద ఎందరుండాలె, రోజూ ఆయన ఏం చూడాలె?

తూకంరాయి
డ్రయ్యర్ మనిషిని తీసుకో అన్నా. నూక పాలిషర్ కింద కనబడ్తది గని, పుట్టేది డ్రయ్యర్ల. ఉడికిన వడ్లల్ల తేమ 30 నుంచి 35 శాతం ఉంటది. 18 దాకా గాలి 100 డిగ్రీలున్నా గింజ తట్టుకుంటది. అక్కడ ఆపి కనీసం 4 గంటలు బిన్నుల ఉంచాలె, లోపలి తడి పైకొచ్చి సమానమైతది. తర్వాత 75 డిగ్రీలు దాటకుండ 13, 14కు దింపాలె. లారీ నిలబడ్డదని ఒక్క ఊపున దింపితే పైన ఎండి లోపల తడి ఉండిపోయి గింజ పగుల్తది. ఆ పగులు పొట్టులోపలే ఉంటది, ఎవరికీ కనబడదు. పాలిషర్ల పడ్డంక రెండు ముక్కలు. ఇగ అందరు పాలిషర్‌ను తిడ్తరు.

డౌటుంటే ముందు ఇది చెయ్యి. పొట్టు తీసే షెల్లర్‌కు పోయే వడ్లు 100 గింజలు చేత్తో ఒలిచి లైటు మీద పెట్టి పగుళ్లు లెక్కబెట్టు. తర్వాత షెల్లర్ కింద 100 గ్రాములు, పాలిషర్ తర్వాత 100 గ్రాములు తీసి నూక ఏరి తూకమెయ్యి. ఎక్కడ పెరిగిందో అక్కడ్నే తప్పు. చేత్తో ఒలిచిన దాంట్లనే పగుళ్లుంటే డిప్లొమా ఆయన పాలిషర్ రాళ్లు ఎన్ని మార్చినా దండగ.

గింజ నడుమ తెల్లగ మిగిలితే అది వేరే రోగం. నానుడు సరిపోలే, లేదా ఆవిరి అందలే. 60 నుంచి 70 డిగ్రీల నీళ్లల్ల 4 నుంచి 6 గంటలు నాననియ్యాలె.

ఊకబస్తా
పై మాట నిజమే, కానీ డిప్లొమా మనిషిని అంత తేలిగ్గా తీసేయకండి. షెల్లర్ రబ్బరు రోళ్లలో వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది. రెండింటినీ అటూ ఇటూ మార్చకపోతే వేగాల తేడా తగ్గి పొట్టు సరిగా రాదు. అప్పుడు మిల్లు నడిపే డ్రైవర్ రోళ్లు బిగిస్తాడు, గింజ విరుగుతుంది. ఇది ఫిట్టర్ చూసే పనే, కానీ చూశాడా లేదా అని అడిగేవాడు కావాలి కదా. అందుకే డ్రయ్యర్ మనిషి మేనేజర్, డిప్లొమా ఆయన మెయింటెనెన్స్ అంటే నేను ఒప్పుకుంటాను.

మనుషుల లెక్కకు వస్తే, ఈ సైజు మిల్లులో షిఫ్టుకు సుమారుగా బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న అటెండెంట్ ఒకరు, బాయిలర్‌లోకి ఊక ఎగదోసేందుకు ఇద్దరు, నానబెట్టే తొట్లు, స్టీమింగ్ దగ్గర ఇద్దరు, డ్రయ్యర్లకు ఇద్దరు, మిల్లు డ్రైవర్, ఆయన హెల్పర్, సార్టెక్స్‌కు ఒకరు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, కాంటా గుమస్తా జనరల్ (పగటి) షిఫ్టులో. బాయిలర్ అటెండెంట్ విషయంలో మాత్రం సర్దుబాటు వద్దు. ఆయన సెలవు పెడితే హెల్పర్‌ను కూర్చోబెట్టడం చాలా మిల్లుల్లో అలవాటు, ప్రమాదం జరిగినరోజు ముందు అడిగేది ఆ సర్టిఫికెట్టే.

ఇంకో సంగతి: ఫ్యాక్టరీల శాఖకు ఇచ్చే కాగితంలో మేనేజర్‌గా ఎవరి పేరుంటే కేసు ఆయన మీదికి కూడా వస్తుంది. సంతకం పెట్టే ముందు ఆయనకు ఆ మాట చెప్పండి. 12 గంటల షిఫ్టులు నడిపితే వారానికి 48 గంటలు దాటిన పనికి డబుల్ కట్టాలి, అది కూడా జీతం మాట్లాడుకునేటప్పుడే తేల్చుకోవాలి.

కాలువకట్ట
బీహార్ హమాలీలు 20 మంది ఉన్నరు, మేస్త్రీ కిందనే. వాళ్లు మేనేజర్ కింద లెక్కనా?

ఊకబస్తా
పని మేస్త్రీ చెప్తాడు, కూలీ బస్తా లెక్కన. కానీ ఈఎస్‌ఐకి 10 మంది, పీఎఫ్‌కు 20 మంది అనేటప్పుడు వాళ్లను కూడా కలుపుతారు. మేస్త్రీ కట్టకపోతే బాకీ మిల్లు మీదే పడుతుంది. నెలనెలా చలానా కాపీ తీసుకున్నాకే బిల్లు పాస్ చెయ్యమనండి.

తూకంరాయి
రోజూ చూసేది అడిగినవ్ గద. నాలుగు తూకాలు చాలు: లోపలికి పోయిన వడ్లు, బియ్యం, నూక, తవుడు. సీఎంఆర్‌కు, అంటే సర్కారు వడ్లు ఆడించి బియ్యం తిరిగిచ్చుడుకు, బాయిల్డ్ 68 శాతం ఇయ్యాలె. ఒక ఏసీకే (ఒకసారి అప్పజెప్పే బియ్యం లాట్) 290 క్వింటాళ్లు, అంటే వడ్లు 426న్నర క్వింటాళ్లు, 40 కిలోల బస్తాలైతే 1,066. మీ మిల్లు ఆగకుండ ఆడితే దగ్గరదగ్గర 11 గంటల పని.

తేమ లెక్క మరువకు. 17 శాతం మీద దించుకున్న క్వింటా వడ్లు 13కు వస్తే 95 కిలోల 400 గ్రాములే. ఆ నాలుగున్నర కిలోలు ఎవరు దొబ్బలే, గాలికి పోయినయ్. ఇది తెలువక గుమస్తాను అనుమానించిన ఓనర్లున్నరు.

తవుడు ఒక్కసారిగ పెరిగితే పాలిష్ ఎక్కువైనట్టు, ముందు పాలిషర్ మోటరు ఆంప్స్, అంటే ఎంత కరెంటు లాగుతున్నదో, చూడుమను. లారీ ఎక్కించే ముందు తేమ మళ్ల ఒకసారి కొలవాలె, 14 దాటితే ధరల కోత, 15 దాటితే లాట్ వాపస్. బాయిల్డ్‌కు నూక 16 శాతం దాటొద్దు. మీ 20తోని పోతే బియ్యం నాణ్యత చూసే గ్రేడర్‌తోని లొల్లి తప్పదు, నూక జల్లెడ తిప్పి 16కు తెచ్చినా ఆ నూక బరువు 68ల నుంచే పోతది.

కాలువకట్ట
100 గింజలు ఒలిచి చూసినం. 31 పగిలినయ్. పదో తరగతి ఆయనకు ఫోన్ చేసిన.