ఆర్చ్ మానింగ్‌ని మనవాళ్లే 'బూ' అనడం న్యాయమేనా?

రౌండ్‌రాక్ బావ (సెప్టెంబర్ 14, 2025)

నిన్న అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ఆస్టిన్‌లో స్టేడియంలోనే ఉన్నాను. మన టీమ్ గెలిచాక కూడా ఇంత చిరాగ్గా ఇంటికి రావడం నాకిదే మొదటిసారి. మన టెక్సస్ యూనివర్సిటీ 27, ఎల్ పాసో యూనివర్సిటీ టీమ్ యూటెప్ 10. చిరాకు టీమ్ మీద కాదు, నా పక్క సీట్లవాళ్ల మీద. మన క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు వేసి ఆట నడిపేవాడు) ఆర్చ్ వరసగా పది పాస్‌లు వేశాడు, ఒక్కటీ ఎవరి చేతుల్లోనూ పడలేదు. అంతే, మన ఆరెంజ్ చొక్కాలవాళ్లే 'బూ' అని అందుకున్నారు. నా వెనకాయన అరిచిన అరుపుకి నా నాచోస్ ఒలికిపోయాయి.

అసలు తప్పెక్కడ మొదలైందో చూడండి. సీజన్ మొదలుకాకముందే అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ ర్యాంకుల్లో మనకి నంబర్ వన్ ఇచ్చారు. టెక్సస్ చరిత్రలో ఇదే మొదటిసారి. కాలేజీ ఆటగాళ్లలో మేటికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ ఈ ఏడాది ఆర్చ్‌దే అన్నారు. అప్పటికి ఆ కుర్రాడు కాలేజీలో మొదటినుంచీ దిగి ఆడినవి రెండే మ్యాచ్‌లు! అవీ నిరుడు అప్పటి క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్‌కి దెబ్బ తగిలితే ఆడినవి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇక మొదటి మ్యాచే కొలంబస్‌లో, నిరుటి చాంపియన్ ఒహాయో స్టేట్ మీద. 14-7తో ఓడాం. మనం బంతితో 336 గజాలు ముందుకెళ్లాం, వాళ్లు 203. మరి ఎందుకు ఓడాం? నాలుగో డౌన్‌లో (పది గజాలు దాటడానికి ఉండే చివరి అవకాశంలో) ఐదుసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారే కుదిరింది. గోల్ లైన్‌కి ఒక్క గజం దూరంలో కూడా ఆగిపోయాం. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఐదుగురిలో నలుగురు నిరుటితో వెళ్లిపోయారు. వాళ్లలో కెల్విన్ బ్యాంక్స్ ఇప్పుడు ప్రొఫెషనల్ టీమ్ న్యూ ఆర్లీన్స్‌ సెయింట్స్‌కి ఆడుతున్నాడు. గోడ కొత్తదైతే లోపలివాడు తడవడా?

ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాణ్ణి సొంత గ్రౌండ్‌లో అలా అరవడం నాకు నచ్చలేదు. మీరేమంటారు?

గిగ్ ఎమ్ నాన్న

బావగారూ, మావాడు మీ పోటీ కాలేజీ టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో చదువుతున్నాడు కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకుని వినండి. నిన్న మీరు యూటెప్‌తో తంటాలు పడుతుంటే మేం సౌత్ బెండ్ వెళ్లి నోటర్ డామ్‌ని 41-40తో కొట్టొచ్చాం. చివరి టచ్‌డౌన్‌కి (బంతిని గోల్ లైన్ దాటించేసరికి) గడియారంలో మిగిలినవి 13 సెకన్లు. మా ఇంట్లో కుక్కరు విజిల్ కూడా వినపడలేదు.

మీ కుర్రాడి సంగతి అంటారా, తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టుంది. తాత ఆర్చీ, బాబాయిలు పేటన్, ఈలై, అందరూ పేరున్న ప్రొఫెషనల్ క్వార్టర్‌బ్యాక్‌లే. ఆ ఇంటిపేరు లేకపోతే రెండు మ్యాచ్‌ల వాణ్ణి హైస్‌మన్‌కి ఎవరు తలుచుకుంటారండీ? పేరు వల్ల వచ్చిన హారతి తీసుకున్నవాడు పేరు వల్ల వచ్చే తిట్లు కూడా తీసుకోవాలి.

కూకట్‌పల్లి నైట్‌షిఫ్ట్

నాకీ ఆట సగమే అర్థమవుతుంది, క్లయింట్ టెక్సస్‌వాళ్లు కాబట్టి చూస్తున్నా. కాలేజీ పిల్లల ఆటకి లక్ష మంది వచ్చి అరుస్తారా? మా కాలేజీ మ్యాచ్‌కి కోచ్ కూడా వచ్చేవాడు కాదు.

ఫ్రిస్కో పిన్ని

అక్కడే ఉంది బాబూ కిటుకు. "కాలేజీ పిల్లలు" అన్న మాటకి ఇప్పుడు అర్థం మారింది. మొన్న జులై నుంచి ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకి నేరుగా ఇవ్వొచ్చు. కంపెనీల ప్రకటనలు దానికి అదనం. టీవీ పెడితే మానింగ్ కుర్రాడి మొహమే. మరోపక్క నేను టికెట్టుకి, పార్కింగుకి పెట్టిన డబ్బుతో మా అమ్మాయి కూచిపూడి క్లాసు ఫీజు నాలుగు నెలలు కట్టొచ్చు. డబ్బు తీసుకుని ఆడేవాణ్ణి, బాగా ఆడకపోతే బాగాలేదు అంటాను. సినిమా బాగాలేకపోతే హీరో చిన్నపిల్లాడని ఊరుకుంటామా?

బూతులు తిట్టడం, ఇంట్లోవాళ్లని లాగడం వేరు. అది నేనూ ఒప్పుకోను. 'బూ' అంటే అభిప్రాయం, అంతే.

కొలంబస్ కోనసీమ

ఆ మొదటి మ్యాచ్‌కి నేనూ వెళ్లాను, అటువైపు సీట్లలో. బావగారి గజాల లెక్క నిజమే. కానీ ఆర్చ్ ఆ రోజు బాగా ఆడలేదండీ. కాళ్లు కుదురుగా లేవు, దగ్గరి పాస్‌లు కూడా కింద పడ్డాయి. మా కొత్త డిఫెన్స్ కోచ్ మ్యాట్ పాట్రీషియా ఒకటి చూపించి ఇంకోటి ఆడించాడు, కుర్రాడు తికమకపడ్డాడు. 30 పాస్‌లకి 17. దాన్ని గోడ మీదకి తోసేస్తే ఎలా?

అరుపుల మీద మాత్రం మా అనుభవం చెబుతాను. నిరుడు నవంబర్‌లో మిషిగన్ చేతిలో 13-10తో ఓడినప్పుడు మా కోచ్ ర్యాన్ డేని వెంటనే పీకేయమని ఇక్కడ ఊరంతా గోల. జనవరి 20న అదే కోచ్ కప్పు పట్టుకున్నాడు. ఇప్పుడు ఎవర్ని అడిగినా "నేనప్పుడు అనలేదు" అంటారు. నేను అన్నాను, దాచడం దేనికి.

రౌండ్‌రాక్ బావ

కోనసీమగారూ, పాదాల సంగతి ఒప్పుకుంటాను. యూటెప్ మీద 25కి 11, 114 గజాలు. ఆ లెక్కకి వకాల్తా పుచ్చుకోలేను.

నాన్నగారి నేతి సామెత మాత్రం సగమే నిజం. వీడి సొంత నాన్న కూపర్ వెన్నెముక జబ్బు బయటపడి పద్దెనిమిదేళ్లకే ఆట మానేశాడు. ఆ ఇంట్లో నెయ్యి తాగనివాడూ ఉన్నాడు. పైగా ఇవాళ రేపు మొదటి ఏడాది ఆడించకపోతే పిల్లలు బ్యాగు సర్దుకుని ఇంకో కాలేజీకి పోతున్నారు. ఈ పేరు పెట్టుకుని వీడు ఎక్కడికెళ్లినా ఎర్ర తివాచీ వేసేవాళ్లు. అయినా రెండేళ్లు యూవర్స్ వెనక బెంచీ మీద కూర్చున్నాడు. మన రోహన్ గవాస్కర్ గుర్తున్నాడా? ఆడినవి పదకొండు వన్డేలు, ప్రతిదానికీ నాన్నతో పోలికే.

పిన్నీ, మీరు డబ్బు అన్నారు కాబట్టి అడుగుతున్నా. కోచ్ సార్కీసియన్ జీతం ముందు అది ఎంత? ఆయన్ని ఎవరూ 'బూ' అనలేదే!

ఫ్రిస్కో పిన్ని

అది మంచి ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు.

కూకట్‌పల్లి నైట్‌షిఫ్ట్ (సెప్టెంబర్ 21)

ఇప్పుడే హైలైట్స్ చూశా. సామ్ హ్యూస్టన్ మీద 55-0. 21 పాస్‌లకి 18, 309 గజాలు. గొడవ అయిపోయినట్టేనా?

గిగ్ ఎమ్ నాన్న

సామ్ హ్యూస్టన్ మీద మా అపార్ట్‌మెంట్ వాళ్లు కూడా రెండు టచ్‌డౌన్లు కొడతారు తమ్ముడూ. ఫ్లోరిడా వెళ్లి రానివ్వు.

గిగ్ ఎమ్ నాన్న (అక్టోబర్ 5)

వెళ్లొచ్చారు. అప్పటిదాకా నాలుగింట్లో ఒక్కటే గెలిచిన ఫ్లోరిడా చేతిలో 29-21. ఆగస్టులో నంబర్ వన్, ఇవాళ్టి జాబితాలో ఇరవై ఐదులో కూడా లేరు. నేనేమీ అనను.

రౌండ్‌రాక్ బావ

అన్నారుగా! నిన్న ఆర్చ్‌ని బంతి చేతిలో ఉండగానే ఆరుసార్లు కింద పడేశారు. రెండు పాస్‌లు అటువాళ్ల చేతుల్లో పెట్టాడు, నిజమే. కానీ చాలాసార్లు బంతి అందుకుని తలెత్తేలోపే ఎవడో ఒకడు మీద ఉన్నాడు. గోడ గురించి నేను మొదట్లో చెప్పింది ఇదే.

ఫ్రిస్కో పిన్ని

నిన్న టీవీ ముందు నేనూ అరిచాను. మా ఆయన్ని అడగండి. కానీ సార్కీసియన్ మీద.

రౌండ్‌రాక్ బావ

సంతోషం పిన్నీ. వచ్చే శనివారం ఓక్లహోమా మ్యాచ్‌కి డాలస్ వస్తున్నాం, కాటన్ బౌల్‌కి. మీరూ రండి, పులిహోర నేను తెస్తాను. నా వెనక సీట్లో మాత్రం కూర్చోకండి.