మోటారు ప్లేటు మీద «హెడ్ 6–30 మీ.» అంటే ఏంటి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు):
మా అపార్ట్‌మెంటుకి మోనోబ్లాక్ మోటారు కొనాలండి. స్టిల్టు మీద 3 అంతస్తులు. ప్లేటు మీద హెడ్ 6–30 మీటర్లు అని ఉంది. 30 మీటర్లకు నీళ్లు ఎక్కుతాయనేనా? ఇంజనుకి, చలానాకి, కాలువకి కూడా హెడ్ అంటారు. అన్నీ ఒకటేనా?

జవాబు 1 (పంపుసెట్లు, విజయవాడ):
30 దగ్గర ఎక్కుతాయి గానీ ధార సన్నబడిపోతుంది. హెడ్ (నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు) పెరిగేకొద్దీ డిశ్చార్జి, అంటే నిమిషానికి వచ్చే నీళ్లు, తగ్గుతుంది. సంపులో నీటి మట్టం నుంచి ట్యాంకులో పైపు మూతి దాకా నిటారు ఎత్తు కొలవండి. మీకు 17 మీటర్ల దాకా రావచ్చు. పైపు రాపిడికి, బెండ్లకి 10–20 శాతం కలిపితే 20. ఆ 20 దగ్గర నిమిషానికి ఎన్ని లీటర్లో కంపెనీ పట్టికలో చూసి కొనండి.

ఎందుకైనా మంచిదని పెద్ద హెడ్ రకం మాత్రం తీసుకోవద్దు. ప్లేటు మీది కనిష్ఠం కన్నా మీ ఎత్తు తక్కువైతే నీళ్లు విపరీతంగా తోడి, ఆంప్స్ (మోటారు లాగే కరెంటు) పెరిగి, వైండింగ్ (లోపలి తీగచుట్ట) కాలిపోతుంది. ఇప్పటికే కొనేసి ఉంటే డెలివరీ వాల్వు (ట్యాంకుకు వెళ్లే పైపు మీది) కొంచెం మూసి, ఆంప్స్ ప్లేటు మీది అంకెకు లోపలికి తెచ్చుకోండి. సక్షన్ (సంపు నుంచి నీళ్లు పీల్చే) వైపు వాల్వు ఎప్పుడూ బిగించకూడదు. సక్షన్ లోతు 6–7 మీటర్లు దాటినా నీళ్లు అందవు, ఎన్ని హార్స్‌పవర్లయినా అంతే.

జవాబు 2 (ఆటోనగర్):
ఇంజను హెడ్ అంటే సిలిండర్ల పైమూత. కింద గాస్కెట్ (లీకు ఆపే పలుచని పొర) పోతే కూలెంట్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీస్తే పాలు కలిపిన టీ రంగు, రేడియేటర్లో బుడగలు. బోల్టులు మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో టార్క్ రెంచితోనే బిగించాలి. ఒకేసారి ఒక పక్క బిగిస్తే కొత్త గాస్కెట్ కూడా లీకే.

జవాబు 3:
చలానాలో హెడ్ అంటే పద్దు. మొదటి 4 అంకెలు మేజర్ హెడ్: 0029 భూమి శిస్తు, 0030 స్టాంపులు, రిజిస్ట్రేషన్. కట్టేముందే అంకెలు సరిచూసుకోండి, తర్వాత సవరణ అంటే చాలా తిప్పలు.

జవాబు 4 (కాలువల మీద పనిచేసేవారు):
కాలువ దగ్గర రెండర్థాలూ నడుస్తాయండి. ప్రకాశం బ్యారేజీ పక్కన హెడ్ రెగ్యులేటర్ అంటే కాలువ మొదట్లో నీళ్లు వదిలే తూము. అవతలి కొస శివారు. కానీ «హెడ్ చాలట్లేదు» అన్నారంటే తూముకు ఎగువ, దిగువ మట్టాల తేడా తగ్గిందని. అది మీ మోటారు హెడ్‌కు చుట్టమే. బ్యారేజీ మట్టం 12 అడుగుల నుంచి దిగితే గేట్లు పూర్తిగా ఎత్తినా కాలువలోకి నీళ్లు తగ్గుతాయి. ఆ దెబ్బ ముందు తగిలేది శివారు రైతుకే.

జవాబు 1 వారే మళ్లీ:
సక్షన్ పైపు అడుగున ఫుట్‌వాల్వు (నీళ్లు వెనక్కి జారకుండా ఆపేది) కూడా చూసుకోండి. పైపు నిండా నీళ్లు పోసి పది నిమిషాలు ఆగండి. మట్టం దిగితే వాల్వు వాషరు అరిగినట్టే, హెడ్ ఎంత సరిపోయినా రోజూ ప్రైమింగ్ (మోటారు వేసేముందు నీళ్లు పోయడం) తప్పదు.