పుస్తకాల పేను, బెరడు పేను, తల పేను: లేబుల్ మీద ఏ క్రమం రాయాలి?

కాగితం_పురుగు

నమస్కారం అండి. డిగ్రీ జువాలజీ కీటకాల సేకరణలో రెండు నమూనాల దగ్గర ఆగిపోయాను.

మొదటిది పాత పుస్తకాల బైండింగ్ సందుల్లో దొరికేది. లేత గోధుమరంగు, పొడవు ఒక మిల్లీమీటరు, రెక్కల్లేవు, బల్లపరుపు ఒళ్లు. రెండోది మామిడి మాను మీద పాచి పట్టిన చోట గుంపుగా ఉన్నది. నాలుగైదు మిల్లీమీటర్లు, రెక్కల్ని ఇంటి కప్పులా వాల్చుకుంటుంది, ముట్టుకుంటే గుంపంతా కలిసి పక్కకి జరుగుతుంది.

మా టెక్స్ట్‌బుక్ రెండింటినీ సోకోప్టెరా అంటోంది. తల పేనుని ఫ్థిరాప్టెరా అనే వేరే క్రమంలో (ఆర్డర్‌లో) పెట్టింది. కొత్త జాబితాల్లో మూడూ సోకోడియా అనే ఒకే క్రమంలో ఉన్నాయి. లేబుల్ మీద ఏది రాయాలి? కుటుంబం దాకా గుర్తించాలంటే ఏం చూడాలి? ఇంకోటి: ఆల్కహాల్‌లోంచి తీసి నేరుగా డీపీఎక్స్ అనే స్లైడ్ జిగురులో పెట్టిన స్లైడ్లు రెండూ పాడయ్యాయి. పురుగు ఎండు ద్రాక్షలా ముడుచుకుపోయింది.

బెరడు_కింద

సోకోడియా అనే రాయండి. కారణం తెలిస్తే వైవాలో కూడా ఇబ్బంది ఉండదు.

సోకోప్టెరా అనే పేరు 1904 నుంచి ఉంది. దాన్ని పక్కన పెట్టడానికి కారణం మీ మొదటి నమూనాయే. అది లిపోసెలిస్ ప్రజాతి అయ్యుంటుంది. మన ఇళ్లల్లో, గోదాముల్లో కనిపించేవాటిలో ఎక్కువ అవే. ఈ లిపోసెలిస్‌కి దగ్గరి చుట్టం మామిడి మాను మీది బెరడు పేను కాదు, తల పేను. మొదట ఒంటి నిర్మాణం చూసి, తర్వాత డీఎన్‌ఏ చూసి ఇదే తేల్చారు. తల పేనుని బయటకి తీసేసి, మిగిలినవాటిని మాత్రం సోకోప్టెరా అంటే, తోబుట్టువుల్లో ఒకరిని తీసేసి మిగతావాళ్లనీ దూరపు బంధువులనీ కలిపి ఒక కుటుంబం అన్నట్టు ఉంటుంది. అందుకే అన్నీ ఒకే క్రమం. మొత్తం సుమారు 11,000 జాతులు. అందులో సగం కంటే కాస్త ఎక్కువ స్వేచ్ఛగా బతికేవి, మిగతావి పక్షుల మీదా జంతువుల మీదా బతికే పేలు.

ఉపక్రమాలు మూడు. ట్రోజియోమోర్ఫాలో స్పర్శశృంగాలకి (మీసాలకి) 20 కంటే ఎక్కువ ఖండితాలు. ట్రోక్టోమోర్ఫాలో స్వేచ్ఛగా బతికేవాటికి 12 నుంచి 17, లిపోసెలిస్‌లో 15. సోకోమోర్ఫాలో సాధారణంగా 13. మీ మామిడి నమూనా ఈ మూడోదాంట్లోకి వస్తుంది, బహుశా సోసిడే కుటుంబం. ముందు రెక్క తీసి చూడండి. అంచున మందంగా ఉన్న మచ్చ టెరోస్టిగ్మా. వెనక అంచు దగ్గర చిన్న గదిలా వంపు తిరిగిన ఈనె ఏరియోలా పోస్టికా. ఆ వంపు పైకి పోయి మధ్య ఈనెతో అతుక్కుని, పాదంలో రెండే ఖండితాలుంటే సోసిడే అనుకోవచ్చు. వంపు అసలు లేకపోతే పెరిప్సోసిడే వైపు చూడాలి.

లిపోసెలిస్‌కి ఇంత కష్టం లేదు. వెనక కాళ్ల తొడలు బాగా వెడల్పు, చదును. ఉరంలో వెనకవైపు రెండు ఖండితాలూ కలిసిపోయి ఉంటాయి. కన్ను అంటే రెండు నుంచి ఎనిమిది నేత్రాంశాల చిన్న గుత్తి, అంతే.

లేబుల్ ఇలా: క్రమం సోకోడియా, ఉపక్రమం ట్రోక్టోమోర్ఫా, కుటుంబం లిపోసెలిడిడే, ప్రజాతి లిపోసెలిస్. తల పేను స్లైడ్ ఉంటే దాని మీద కూడా సోకోడియా, ట్రోక్టోమోర్ఫా అనే రాసి, దాని కింద ఫ్థిరాప్టెరా అని రాయండి. ఆ పేరు పోలేదు, అంతస్తు మాత్రం దిగింది. ఎగ్జామినర్ పాత సిలబస్ మనిషైతే పక్కన బ్రాకెట్లో "పూర్వం సోకోప్టెరా" అని రాస్తే గొడవ ఉండదు.

కవర్‌స్లిప్

స్లైడ్ సంగతి. ముడుచుకుపోవడానికి కారణం నీరు. 70 శాతం ఆల్కహాల్‌లో మిగతా 30 శాతం నీళ్లే కదా. ఆ నీళ్లు పూర్తిగా పోకుండా జైలీన్ ఆధారంగా చేసిన డీపీఎక్స్‌లో పెడితే మెత్తని ఉదరం ఒక్కసారిగా కుంచించుకుపోతుంది. కొన్నిసార్లు తెల్లగా మబ్బు కూడా పడుతుంది.

లిపోసెలిస్‌కి ఈ వరుస పాటించండి:

1. సన్నని మినూటెన్ సూదితో ఉదరం పక్కన ఒక పోటు. ఇది వదిలేస్తే ద్రావణం లోపలికి పోదు, పేగు నల్లగా అలాగే ఉండిపోతుంది.
2. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో గది వేడి దగ్గర రాత్రంతా. మరిగించొద్దు. ఒక మిల్లీమీటరు పురుగుకి అది మరీ ఎక్కువ, స్పర్శశృంగాలు ఊడిపోతాయి.
3. నీళ్లలో ఒక చుక్క ఎసిటిక్ ఆమ్లం వేసి 10 నిమిషాలు. క్షారం మిగిలిపోతే నెలల తర్వాత స్లైడ్‌లో స్ఫటికాలు కనిపిస్తాయి.
4. ఆల్కహాల్ 50, 70, 90, 100 శాతం, ఒక్కోదాంట్లో 10 నిమిషాలు. వంద శాతంలో రెండుసార్లు.
5. లవంగ నూనెలో 15 నిమిషాలు, తర్వాత కెనడా బాల్సమ్ ఒక చిన్న చుక్క. వీపు పైకి ఉండాలి.

అంత ఓపిక లేకపోతే హోయర్ ద్రావణం ఉంది. ఆల్కహాల్‌లోంచి ఒక్కసారి నీళ్లలో ముంచి నేరుగా పెట్టొచ్చు, 40 నుంచి 45 డిగ్రీల దగ్గర వారం ఆరబెట్టాలి. కాకపోతే అది గాలిలో తేమ పీలుస్తుంది, అంచులకి గోళ్ల రంగు రెండు పూతలు తప్పదు. మన కోస్తాలో వానాకాలం సీల్ లేని హోయర్ స్లైడ్ మళ్లీ మెత్తబడి జారిపోతుంది. ఏళ్ల తరబడి దాచేదైతే బాల్సమే మేలు.

బెరడు పేనుని గుండుసూదికి గుచ్చి ఆరబెట్టకండి, పొట్ట లోపలికి పోతుంది. 80 శాతం ఆల్కహాల్‌లో ఉంచి, కుడివైపు రెండు రెక్కలు, తల, ఒక వెనక కాలు, ఉదరం చివర విడివిడిగా ఒకే స్లైడ్ మీద పెట్టండి. ఒంటి మీద రంగు చారలు ఆల్కహాల్‌లో వెలిసిపోతాయి, అందుకని బతికుండగానే ఫొటో తీసో రాసో పెట్టుకోవాలి. డీఎన్‌ఏ కోసం దాచేవైతే 95 శాతం.

కాగితం_పురుగు

చాలా థాంక్స్ అండి. పొటాషియం హైడ్రాక్సైడ్ పద్ధతిలో రెండు స్లైడ్లు బాగా వచ్చాయి. కానీ ఒక చిక్కు. పుస్తకాల నమూనాలో ఒకదానికి పాదంలో మూడు ఖండితాలు, ఇంకోదానికి రెండే. ఒకే పుస్తకంలోవి. తొడలు రెండింటికీ వెడల్పే. రెండోది వేరే కుటుంబమా?

బెరడు_కింద

కాదు. రెండోది పిల్ల పురుగు. ఈ గుంపులో శాబకాలన్నిటికీ పాదంలో రెండే ఖండితాలు, మూడోది ప్రౌఢ దశలోనే వస్తుంది. స్పర్శశృంగాల లెక్క కూడా పిల్లల్లో తక్కువగా వస్తుంది. గుర్తింపు పట్టికలు (ఐడెంటిఫికేషన్ కీ) రాసినవాళ్లు "ప్రౌఢ జీవులకు మాత్రమే" అని మొదటి పేజీలో ఒక వాక్యం రాసి ఊరుకుంటారు. రెక్కలుండే జాతుల్లో తప్పు జరగదు, రెక్క పూర్తిగా ఉంటే ప్రౌఢమే. లిపోసెలిస్‌కి ఆ ఆనవాలు లేదు. దానికి ఉదరం కింద, చివరకి దగ్గరగా చూడండి. ప్రౌఢ ఆడదానికి అక్కడ ఇంగ్లీషు 'టీ' అక్షరం లాంటి గట్టి పలక ఉంటుంది. అది కనిపించకపోతే ఆ స్లైడ్‌ని "శాబకం" అని రాసి పక్కన పెట్టండి.

స్పర్శశృంగం లెక్కపెట్టేటప్పుడు కొన చూడండి. చివరి ఖండితం కొన సన్నగా ముగియాలి. అడ్డంగా కోసినట్టు ఉంటే విరిగిందని అర్థం, ఆ లెక్క పనికిరాదు.

దశల సంఖ్యలో కూడా చుట్టరికం కనిపిస్తుంది. రెక్కల బెరడు పేనులో సాధారణంగా 6 శాబక దశలు, మన లిపోసెలిస్ బాస్ట్రికోఫిలాలో 4, తల పేనులో 3. దీన్ని ఒక్కదాన్నే రుజువుగా చూపకండి, దశలు తగ్గడం వేరేచోట్ల విడిగానూ జరిగింది.

తేమ_60

పుస్తకాల పేనుకీ తల పేనుకీ చుట్టరికం ఉందనడానికి పై చర్చలో రాని రుజువు ఒకటుంది, నా మటుకు అదే గట్టిది. పుస్తకాల పేను నీళ్లు తాగదు, గాలిలోంచి పీలుస్తుంది. నోట్లో నాలుక లాంటి భాగం (అధోగ్రసని) మీద రెండు గుండ్రని పలకలుంటాయి. వాటిని బయటపెట్టి పల్చని ద్రవం పూస్తుంది. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే ఆ ద్రవం ఆవిరిని పట్టేస్తుంది. దాన్ని సన్నని గొట్టాల గుండా లోపలికి పీల్చుకుంటుంది. ముఖం ముందుభాగం ఉబ్బినట్టు కనిపిస్తుంది చూశారా, ఆ పీల్చే పంపు కండరాలు ఉండేది అక్కడే. కోడి పేలు, పక్షుల ఈకలు నమిలే పేలు కూడా ఇదే పరికరంతో తేమ పడతాయి. రక్తం తాగే తల పేనుకి ద్రవాహారం దొరుకుతుంది కాబట్టి అది పోయింది. లిపోసెలిడిడేలో కొన్ని ఇప్పటికీ పక్షి గూళ్లలో, ఈకల్లో, జంతువుల బొచ్చులో దొరుకుతాయి. గూట్లో బూజు తింటూ ఉన్నది ఒంటి మీదకి ఎక్కడం పెద్ద దూరం కాదు. బర్మా అంబర్‌లో సుమారు 10 కోట్ల ఏళ్ల నాటి లిపోసెలిడిడే దొరికింది, అంటే ఈ చీలిక డైనోసార్ల కాలానికి పోతుంది.

పుస్తకాలు కాపాడుకోవడానికి కూడా ఇదే సూత్రం. మందు కంటే తేమే ముఖ్యం. గాలి తేమ 50 శాతం కిందకి దించి మూడు, నాలుగు వారాలు అక్కడే ఉంచితే అవి ఎండి చస్తాయి. మూడు రోజులు దించి ఆపేస్తే పనిచేయదు, పుస్తకం లోపలి కాగితంలో తేమ ఇంకా ఉంటుంది. హైగ్రోమీటర్ని గది మధ్య గోడకి కాదు, అల్మారా లోపల వెనకవైపు పెట్టండి. బయటి గోడకి ఆనించిన అల్మారాలోనే లెక్క పెరుగుతుంది, నాలుగు అంగుళాలు జరిపితే తేడా తెలుస్తుంది. నాఫ్తలిన్ ఉండలు తేమని తగ్గించవు, కాబట్టి ఇక్కడ వాటితో పని లేదు.

కొన్ని విలువైన పుస్తకాలే అయితే పాలిథిన్ సంచిలో గాలి తీసి మూసి, మైనస్ 20 డిగ్రీల్లో రెండు వారాలు. బయటకి తీశాక సంచి 24 గంటలు విప్పొద్దు. వెంటనే విప్పితే చల్లని అట్ట మీద నీరు పడుతుంది, మళ్లీ బూజు, మళ్లీ పేను. ఇంట్లో ఫ్రిజ్ పై అర అంత చల్లబడకపోతే సంఖ్య తగ్గుతుందేమో గానీ గుడ్లు మిగలొచ్చు. ఒక్కటి మిగిలినా చాలు. బాస్ట్రికోఫిలాలో మామూలుగా అన్నీ ఆడవే, మగతో పనిలేకుండా గుడ్లు పెడతాయి. లోపల ఉండే రికెట్సియా అనే బాక్టీరియాకి ఇందులో పాత్ర ఉంది. 30 డిగ్రీల దగ్గర తేమ ఉంటే గుడ్డు నుంచి ప్రౌఢం దాకా సుమారు మూడు వారాలు.

అది తినేది ముఖ్యంగా బూజూ, బైండింగ్‌లో మైదా జిగురూ. జిగురులో మైలుతుత్తం కలిపే పాత బైండర్ల అలవాటు ఊరికే రాలేదు. పుస్తకం ఈ అట్ట నుంచి ఆ అట్ట దాకా తూట్లు పడితే అది పేను పని కాదు, గాస్ట్రాలస్ అనే చిన్న పెంకు పురుగుది. తాళపత్రాలకి తూట్లు పెట్టేదీ అదే. చర్మం దురదకి కూడా పుస్తకాల పేనుని నిందించొద్దు, ఇది కుట్టదు. అన్నట్టు "పేనుకొరుకుడు" అని జుట్టు ఊడే జబ్బుకి పెట్టిన పేరులోనూ ఏ పేనుకీ భాగం లేదు.

ధాన్యం సంగతీ ఇదే. 14 శాతం తేమున్న వడ్ల మధ్య గాలి తేమ 70 శాతం పైనే ఉంటుంది, అది వీటికి పండగ. 12 శాతానికి ఆరబెడితే 60 దగ్గరకి వస్తుంది. గోదాముల్లో ఫాస్ఫిన్ పొగకి ముక్కుపురుగు చచ్చి పేను మిగలడం మామూలే, దీని గుడ్లు ఆ వాయువుని బాగా తట్టుకుంటాయి. ఆ పొగనిచ్చే బిళ్లలు ఇంట్లో ఎవరూ వాడొద్దు, మనుషుల్ని చంపుతాయి. లైసెన్స్ ఉన్నవాళ్ల పని అది.

కాగితం_పురుగు

మామిడి చెట్టు మీది గుంపుకి ఏదైనా కొట్టాలా? పేనుబంక అనుకుని మందు కొడదామంటున్నారు.

బెరడు_కింద

కొట్టొద్దు. పేరులో పేను ఉంది గానీ పేనుబంక వేరే క్రమం, రసం పీల్చేది. దానికి ముక్కు సూది, వెనక రెండు గొట్టాలు, కింద ఆకుల మీద జిగట, చుట్టూ చీమలు. బెరడు పేనుకి ఇవేవీ ఉండవు. పాచి, లైకెన్, బూజు గీరి తింటుంది, చెట్టుకి నష్టం లేదు. మాను మీద పల్చని తెల్ల పట్టు తెరలా కనిపిస్తే అది కూడా కొన్ని బెరడు పేల అల్లికే. కొమ్మల పంగలో రంపపు పొట్టూ పెంటికలూ కలిసిన గూడులాంటి పట్టీ ఉంటే మాత్రం అది బెరడు తినే పురుగు. ఆ పట్టీని గీకి, కింద కన్నం ఉందేమో చూడండి. కన్నం ఉంటే అప్పుడు వైద్యం చేయాలి.